చెప్పులు గుమ్మం బయట విడిచిన రోజు

పాప పేరు చెప్పం, చట్టం ఒప్పుకోదు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు కూడా చెప్పం. నిజానికి ఇది ఒక్క పాప కథ కాదు. జిల్లా ఆసుపత్రి మెట్లెక్కి సఖి కేంద్రం దాకా వెళ్లే పిల్లలు నడిచే దారిని, ఆ దారిలో చట్టం వాళ్లకిచ్చిన హక్కులను కలిపి అల్లిన కథనం. దృశ్యాలు మేం కూర్చినవి. దారి మాత్రం యథార్థం.

కడుపునొప్పి

సోమవారం. పిల్లల ఓపీ ముందు వరండా కిటకిటలాడుతోంది. తొమ్మిదేళ్ల పాప తల్లి కొంగు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో రెండు పాత ఓపీ చీటీలు, ఒక స్కానింగ్ రిపోర్టు. నెల రోజుల్లో ఇది మూడోసారి రావడం. మూడుసార్లూ ఒకటే బాధ, కడుపునొప్పి.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసింది. స్కానింగ్‌లో ఏమీ లేదు. రక్తపరీక్షలోనూ ఏమీ లేదు. పాత మందులే మళ్లీ రాసి పంపేయొచ్చు. బయట జనం తోసుకుంటున్నారు. అయినా ఆమె పెన్ను పక్కన పెట్టింది.

"నొప్పి ఎప్పుడెప్పుడు వస్తది బిడ్డా?"

పాప నేల చూపులు చూస్తోంది. తల్లే చెప్పింది. "పొద్దుగూకంగనే మొదలైతది మేడం. నేను కూలికి పోయి వచ్చేసరికి ముడుసుకొని పండుకుంటది. ఈ నడుమ పక్క గూడ తడుపుతున్నది. బడికి పొమ్మంటే పోతది. ఇంట్ల ఉండమంటేనే ఏడుస్తది."

డాక్టరమ్మ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. ఇల్లంటే భయపడే బిడ్డకు నొప్పి కడుపులో ఉండదు.

తల్లిని కాసేపు బయట కూర్చోమంది. నర్సును దగ్గర ఉంచుకుని పాపతో బడి గురించి, స్నేహితుల గురించి మాట్లాడింది. చాలాసేపటికి పాప ఒక్క వాక్యం చెప్పింది. ఆ వాక్యం ఇక్కడ రాయం. రోజూ ఇంటికి వచ్చిపోయే ఒక దగ్గరి బంధువు అందులో ఉన్నాడు. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడగలేదు. "నాతోని చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా. నీ తప్పేం లేదు" అని మాత్రం అంది.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. వాళ్లలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. సగం ఘటనల్లో వేధించినవాళ్లు పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మదగినవాళ్లనుకున్న పెద్దలు. ఆ 13 రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

పాప చెప్పిన సంగతి విన్న తల్లి కూలబడిపోయింది. కొంతసేపటికి డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "పోలీసోళ్లు వద్దు మేడం. దీని తండ్రి పోయి మూడేండ్లాయె. నలుగురికి తెలిస్తే మేమెట్ల బతకాలె? రేపు దీని పెండ్లి ఎట్లయితది?"

"తలదించుకోవాల్సింది వాడు, నీ బిడ్డ కాదమ్మా" అంది డాక్టరమ్మ. "తెలిసీ చెప్పకపోతే నాకూ శిక్ష పడుతుంది. చట్టమే అంత. కానీ చట్టం కోసం చెప్పట్లేదు. రేపు సాయంత్రం మళ్లీ పొద్దుగూకుతది గదా. దాని కోసం చెబుతున్న."

ఒక్కసారి చెబితే చాలు

2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం పసిపిల్లల వైపు నిలబడి రాసిన చట్టం. పాప వాంగ్మూలం కోసం ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లనక్కర్లేదు. పాప కోరుకున్న చోటికే పోలీసులు రావాలి. వీలైనంత వరకు ఎస్ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పక్కన తల్లో, పాప నమ్మిన మరొకరో ఉండాలి. 24 గంటల్లో విషయం బాలల సంక్షేమ సమితికి చేరాలి.

ఆసుపత్రి ఆవరణలోనే, ప్రసూతి వార్డు వెనక, సఖి కేంద్రం ఉంది. నిర్భయ నిధితో 2015 ఏప్రిల్ 1న కేంద్రం మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్ల పథకం ఇది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సాయం, తాత్కాలిక ఆశ్రయం ఒకే చోట అందాలన్నది ఉద్దేశం. జిల్లాలో దీన్ని నడిపించే కమిటీకి కలెక్టరే అధ్యక్షులు.

సఖి కేంద్రం గదిలోకి వచ్చిన ఎస్ఐ పంజాబీ డ్రెస్సులో ఉంది. పాపకు ఆమె పోలీసని తెలుసు. ముందే చెప్పారు, దాచలేదు. పాప చెప్పింది, ఎస్ఐ రాసుకుంది. పాప మాటలను పాప మాటల్లోనే రాసింది.

ఒక్కసారి చెప్పడం ఎందుకంత ముఖ్యమో దెబ్బతిన్న పిల్లలే లోకానికి నేర్పారు. డాక్టరు దగ్గర ఒకసారి, స్టేషన్లో ఒకసారి, వకీలు దగ్గర ఒకసారి, కోర్టులో మళ్లీ. చెప్పిన ప్రతిసారీ ఆ రోజు తిరిగొస్తుంది. 1985లో అమెరికాలోని అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో బడ్ క్రామర్ అనే ప్రాసిక్యూటర్ ఈ తిప్పలు ఆపడానికే అందరినీ పిల్లల దగ్గరికి రప్పించే కేంద్రం మొదలుపెట్టారు. 1998లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో 'బార్నాహూస్' వెలిసింది. పిల్లల ఇల్లు అని దానర్థం. హైదరాబాద్‌లో 2016 మే 7న పోలీసుల చొరవతో హాకా భవన్‌లో ఇలాంటిదే భరోసా కేంద్రం తెరుచుకుంది.

తలుపు తెరిచి ఉంచాలా, వెయ్యాలా?

కేసు నమోదైంది. నిందితుడు జైలుకు వెళ్లాడు. చాలామంది దృష్టిలో కథ ఇక్కడితో అయిపోయింది. పాపకు మాత్రం ఇక్కడే మొదలైంది.

కౌన్సెలర్ అక్క మొదటి రోజు చాప మీద కూర్చుని ఒకటే అడిగింది. "తలుపు తెరిచి ఉంచాల్నా, వెయ్యాల్నా?" పాప తెరిచి ఉంచమంది. చెప్పులు విప్పలేదు. చాప అంచున, గుమ్మం వైపు తిరిగి, చెప్పులతోనే కూర్చుంది. లేచి పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్న పిల్లలా ఉంది. అక్క చెప్పులు విప్పమనలేదు.

ఆ రోజు నేర్పింది ఊపిరి పీల్చడం ఒక్కటే. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో పీల్చి, నోటితో మెల్లగా వదలడం. తర్వాత వారం కోపానికి, భయానికి, సిగ్గుకు పేర్లు పెట్టడం. ఇంకో వారం తల్లిని కూర్చోబెట్టి, పక్క తడిపితే తిట్టొద్దని, "ముందే ఎందుకు చెప్పలేదు" అని అడగొద్దని చెప్పడం. ఈ చికిత్సను ట్రామా ఫోకస్డ్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. మామూలుగా 12 నుంచి 16 సార్లు రావాల్సి ఉంటుంది. బిడ్డతో పాటు తల్లికీ అందులో భాగం ఉంటుంది.

నాలుగో వారం వాళ్లు రాలేదు. ఐదో వారమూ రాలేదు. అక్క ఫోన్ చేసింది.

"బస్సు ఫ్రీనే మేడం. ఆ రోజు కూలి ఎవలిస్తరు? కడుపునొప్పి తగ్గింది గదా, ఇగ చాలు."

గాయపడిన పిల్లల వైద్యం ఎక్కువగా ఇక్కడే తెగిపోతుంది. ఆసుపత్రికి చికిత్స తెలుసు గానీ, ఆ తల్లి కూలి దాని చేతిలో లేదు. పదహారు వారాల చికిత్స అంటే ఆమెకు పదహారు రోజుల కూలి. ఆ లెక్క సరిచేయగలిగింది జిల్లా యంత్రాంగం.

పాపకు తోడుగా బాలల సంక్షేమ సమితి ఒక సహాయక వ్యక్తిని నియమించింది. 2020 పోక్సో నిబంధనలు చెప్పినట్టు తిండి, బట్టలు, రాకపోకల వంటి అత్యవసరాలకు సమితి సాయం సిఫారసు చేయొచ్చు. సిఫారసు అందిన వారంలోగా డబ్బు చేతికి రావాలి. ఆ కాగితం కదిలింది. భర్త లేని తల్లి కాబట్టి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు జిల్లా బాలల పరిరక్షణ విభాగం దరఖాస్తు రాయించింది. ఆరో వారం తల్లీబిడ్డలు మళ్లీ వచ్చారు.

తొమ్మిదోసారి వచ్చినప్పుడు పాప గుమ్మం దగ్గర ఆగింది. చెప్పులు విప్పి, రెండూ పక్కపక్కన పెట్టింది. లోపలికి వచ్చి చాప మధ్యలో కూర్చుంది. కౌన్సెలర్ ఏమీ అనలేదు. కేసు షీటులో మాత్రం ఆ సంగతి రాసుకుంది. ఏ స్కానింగ్‌లోనూ కనిపించని నయం అది.

కోర్టు

"అక్కా, ఆయన గూడ అక్కడ ఉంటడా?"

"ఉంటడు. కానీ నీకు కనబడడు."

సాక్ష్యం చెప్పే పిల్లలకు నిందితుడు కనిపించకూడదు. వకీలు నేరుగా ప్రశ్నించకూడదు. ప్రశ్నలు జడ్జికి ఇస్తే, జడ్జే పిల్లలకు అర్థమయ్యేలా అడుగుతారు. అలసిపోతే మధ్యలో ఆపమనొచ్చు. మళ్లీ మళ్లీ పిలిపించకూడదు. పాప రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి పీల్చింది. మిగతాది చెప్పేసింది.

తీర్పు ఏమొచ్చిందో ఈ కథకు ముఖ్యం కాదు. కోర్టు నుంచి వచ్చాక కూడా పాప నాలుగుసార్లు సఖి కేంద్రానికి వెళ్లింది. అదే ముఖ్యం.

మన పని

ఇంత మంచి చట్టం కాగితం మీద ఉంది. అయినా ప్రతి జిల్లాలో ఈ దారి ఇంత సాఫీగా లేదు. పిల్లల మనసు తెలిసిన సైకాలజిస్టు లేక, సహాయక వ్యక్తి లేక, సిఫారసు కాగితం బల్ల మీదే ఉండిపోయి, సగంలో ఆగిపోయే పిల్లలున్నారు. ఆసుపత్రి ఒక్కటే ఈ పని చేయలేదు. కలెక్టరేట్ ఒక్కటే చేయలేదు. రెండూ ఒకే బిడ్డ కేసు షీటును కలిసి చూసినప్పుడే గాయం మానుతుంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పిల్లల కోసం శాశ్వత సైకాలజిస్టు ఉండాలి. ఎంతమంది పిల్లలు వైద్యం పూర్తి చేసుకున్నారన్నది కలెక్టర్ సమీక్షలో ప్రతి నెలా లెక్కకు రావాలి.

ఇక మనం. ఏ పరీక్షకూ అందని కడుపునొప్పి మాటిమాటికీ వస్తుంటే, బిడ్డ ఇంటికి రావడానికి భయపడుతుంటే కొట్టిపారేయకండి. చెబితే నమ్మండి. గుచ్చి గుచ్చి అడగకండి. 1098కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు. మనసు బాధకు టెలీ మానస్ 14416 ఉంది. కేసు పెట్టాక కూడా బిడ్డను కౌన్సెలింగ్‌కు తీసుకెళ్లడం ఆపకండి, చివరి వారం దాకా.