ఉత్పాద్యం నుంచి ప్రఖ్యాతానికి: ‘స్టార్ ట్రెక్’ కథాగమనంపై అభిమానుల వాదవివాదాలు (1966–2022)

ఉపోద్ఘాతం

ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం అని మూడు విధాలుగా విభజించడం మన అలంకారశాస్త్రంలో సుప్రసిద్ధం. ఇతిహాసాదుల నుంచి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. ఈ రెండింటి కలయిక మిశ్రమం. ప్రఖ్యాత కథను స్వీకరించిన కవి, నాయకునికి గాని రసానికి గాని విరుద్ధమైన అంశాన్ని విడిచిపెట్టవచ్చుననీ, మరొక విధంగా కల్పించవచ్చుననీ ధనంజయుడు దశరూపకంలో చెప్పాడు. రసానుగుణమైన మార్పును ధ్వన్యాలోకం కూడా సమర్థించింది. వాల్మీకంలో లేని ఘట్టాలు ఉన్నప్పటికీ రంగనాథ రామాయణాన్ని తెలుగువారు రామాయణంగానే ఆదరించడానికి ఈ దృష్టి తోడ్పడింది.

అయితే ఈ విభజనకు ఆధారం కథ పుట్టుక. ఉత్పాద్యంగా పుట్టిన కథ ఒక తరం గడిచేసరికి పాఠక సమూహంలో ప్రఖ్యాతమైతే, దానిని మార్చే అధికారం ఎవరికి ఉంటుంది? కల్పించిన వ్యక్తికా, హక్కులు కొనుక్కున్న సంస్థకా, కంఠస్థం చేసి కాపాడుకున్న సహృదయులకా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికన్ టెలివిజన్ వైజ్ఞానిక కల్పన ‘స్టార్ ట్రెక్’ చరిత్ర అనువైనది. 1966 నుంచి అది ఎన్నో ధారావాహికలుగా, చలనచిత్రాలుగా విస్తరించింది. దాని కథాగమనంపై అభిమానుల వాదాలు కూడా అంతే కాలంగా సాగుతున్నాయి. ఈ వాదాలను మార్పుకు ఎదురుతిరగడంగా మాత్రమే చూడటం సమంజసం కాదని, వీటిలో రెండు భిన్నమైన విధేయతలు ఘర్షణ పడుతున్నాయని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది కథలోని సంఘటనలకు విధేయత. రెండవది కథ ఆశయానికి విధేయత.

1. ఉత్తరాల ఉద్యమం

జీన్ రాడెన్‌బెరీ రూపొందించిన ‘స్టార్ ట్రెక్’ 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీలో ప్రారంభమైంది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక, దాని నాయకుడు కిర్క్, వల్కన్ జాతికి చెందిన తండ్రికీ మానవ స్త్రీకీ పుట్టిన స్పాక్ ఇందులో ప్రధానం. యుద్ధాలను, జాతివైషమ్యాలను దాటివచ్చిన భావి మానవ సమాజం దీనికి నేపథ్యం. మరుసటి సంవత్సరమే ‘స్పాకనాలియా’ అనే అభిమాన పత్రిక వెలువడింది. ధారావాహికను నిలిపివేస్తారన్న వార్తలు వ్యాపించినప్పుడు జాన్, బ్జో ట్రింబుల్ దంపతులు దేశవ్యాప్తంగా ఉత్తరాల ఉద్యమం నడిపారు. లక్షకు పైగా ఉత్తరాలు అందినట్లు ఎన్‌బీసీ పేర్కొంది. 1968 మార్చిలో, కార్యక్రమం కొనసాగుతుందని ఆ సంస్థ తెరమీదనే ప్రకటించింది.

మూడవ సీజన్‌ను శుక్రవారం రాత్రి 10 గంటలకు మార్చారు. రాడెన్‌బెరీ రోజువారీ నిర్వహణ నుంచి తప్పుకోగా ఫ్రెడ్ ఫ్రైబెర్గర్ నిర్మాత అయ్యాడు. 79 భాగాలతో ధారావాహిక 1969లో ఆగిపోయింది. అభిమానులు నిలబెట్టుకున్న ఆ మూడవ సీజన్ పట్లనే వారిలో చాలామందికి అసంతృప్తి మిగిలింది. రక్షించడానికి పోరాడినవారికి తాము రక్షించిన కథ ఎలా ఉండాలో చెప్పే హక్కు కూడా ఉంటుందన్న భావన ఈ సందర్భంలోనే మొలకెత్తిందని చెప్పవచ్చు.

తరువాతి దశాబ్దంలో కొత్త భాగాలు లేని కాలం అభిమానుల సాహిత్యానికి స్వర్ణయుగం. 1972 జనవరిలో న్యూయార్క్‌లో జరిగిన సమావేశానికి నిర్వాహకుల అంచనాను మించి వేలమంది హాజరయ్యారు. 1973–74 మధ్య వచ్చిన 22 భాగాల యానిమేషన్ ధారావాహిక తప్ప మిగిలిన ఖాళీని అభిమానుల కథలు నింపాయి. ఆ కథలపై విమర్శ కూడా ఆ పత్రికల్లోనే పుట్టింది. అన్ని విద్యలూ తెలిసి, అందరి మన్ననా పొందే అతిశయ పాత్రను సూచించే ‘మేరీ స్యూ’ అనే పదం 1973లో ఒక అభిమాన పత్రికలో ప్రచురితమైన వ్యంగ్యకథ నుంచి వచ్చినదే. అభిమానులు తమలో తాము ఔచిత్య విచారం చేసుకునే స్థితికి అప్పటికే చేరుకున్నారనడానికి ఇది నిదర్శనం.

2. స్పాక్ మరణం: సంఘటనపై వివాదం

1979లో వచ్చిన తొలి చలనచిత్రానికి భారీగా వ్యయం అయింది. రెండవ చిత్రం బాధ్యతను పారామౌంట్ సంస్థ నిర్మాత హార్వ్ బెన్నెట్‌కు అప్పగించి, రాడెన్‌బెరీని సలహాదారు స్థానానికి పరిమితం చేసింది. కథ సృష్టికర్తకే ఆ కథపై తుదినిర్ణయం లేకుండా పోయిన ఘట్టమిది. నికొలస్ మేయర్ దర్శకత్వంలోని ఆ చిత్రంలో స్పాక్ మరణిస్తాడన్న సంగతి నిర్మాణ దశలోనే బయటికి పొక్కింది. అభిమానుల నుంచి తీవ్ర నిరసన వ్యక్తమైంది.

దీనికి చిత్రబృందం ఇచ్చిన సమాధానం శిల్పపరమైనది. చిత్రం ప్రారంభంలోనే స్పాక్ మరణించినట్లు చూపి, అది శిక్షణార్థుల కోసం ఏర్పరచిన కృత్రిమ పరీక్ష అని వెంటనే తేల్చారు. వదంతి నిజమయ్యిందని, అంతలోనే అబద్ధమైందని భావించిన ప్రేక్షకుడు అసలు మరణానికి సిద్ధపడకుండా ఉంటాడు. అంతేకాక, ఆ పరీక్ష గెలుపు లేని స్థితిని ఎలా ఎదుర్కోవాలన్నదే కనుక, చివర స్పాక్ చేసే ఆత్మత్యాగానికి అది బీజంగా కుదిరింది. అభిమానుల నిరసన చిత్ర ముఖసంధిని మార్చిందన్నమాట. ముందస్తు ప్రదర్శనల తరువాత, స్పాక్ శవపేటిక నవసృష్టి జరిగిన గ్రహంపై నిలిచిన దృశ్యాన్ని ముగింపులో చేర్చారు. ఇది మేయర్‌కు సమ్మతం కాలేదు. 1984లో వచ్చిన మూడవ చిత్రం స్పాక్‌ను తిరిగి బ్రతికించింది.

విశేషమేమంటే, అంత నిరసనను ఎదుర్కొన్న ఈ 1982 నాటి చిత్రమే తరువాతి కాలంలో స్టార్ ట్రెక్ చిత్రాలన్నింటికీ ప్రమాణంగా నిలిచింది. ఒక కాలపు ‘ద్రోహం’ మరొక కాలానికి ‘సంప్రదాయం’ కావడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

3. క్లింగాన్ల నుదురు: విరోధం, సమన్వయం

మూల ధారావాహికలో శత్రుజాతి అయిన క్లింగాన్ల ముఖాలు మానవ ముఖాలకు దగ్గరగా ఉండేవి. 1979 చిత్రంలో వారి నుదుటిపై ఎముకల గట్లు కనిపించాయి. సినిమా వ్యయం అనుమతించిన రూపాలంకరణ తప్ప దీనికి కథలో కారణమేమీ లేదు. కాని కథాజగత్తును అఖండమైన చరిత్రగా చదివే అభిమానికి ఇది పరిష్కరించవలసిన విరోధం. అభిమానులు రకరకాల ఉపపత్తులు కల్పించారు. 1996లో ‘డీప్ స్పేస్ నైన్’ భాగం ఒకటి ఈ తేడాను హాస్యంగా ప్రస్తావించి దాటవేసింది. చివరకు 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ ధారావాహిక రెండు భాగాలు వెచ్చించి, జన్యుప్రయోగం వల్ల కలిగిన వ్యాధి ఫలితంగా దీనిని వివరించింది. 2017లో ‘డిస్కవరీ’ ధారావాహిక క్లింగాన్లకు మరొక కొత్త రూపం ఇవ్వడంతో వివాదం మళ్లీ మొదలైంది.

ఈ పద్ధతి మన వ్యాఖ్యాన సంప్రదాయం ఎరిగినవారికి కొత్తది కాదు. పురాణంలో పరస్పర విరుద్ధంగా ఉన్న రెండు వాక్యాలలో దేనినీ తోసిపుచ్చక, రెండింటికీ అవకాశమిచ్చే అర్థాన్ని సాధించడం వ్యాఖ్యాత పని. ఒక రచనను ఈ విధంగా చదవాలంటే ముందు దానికి ప్రామాణ్యం అంగీకరించాలి. ‘కేనన్’ అనే మాట మతగ్రంథాల నుంచి కల్పనా సాహిత్యానికి వచ్చిన తీరు కూడా ఇదే. 1911లో రోనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథలను గ్రంథపరిశోధకుల ధోరణిలో సరదాగా విమర్శించాడు. ఆ కథల అభిమానుల్లో ఈ పదం స్థిరపడడానికి అది దోహదం చేసింది. అయితే స్టార్ ట్రెక్ విషయంలో ప్రామాణ్య నిర్ణయం సరదాతో ముగియలేదు. 1980ల చివర రాడెన్‌బెరీ కార్యాలయం యానిమేషన్ ధారావాహికను ప్రామాణిక పరిధి నుంచి తొలగించింది. అభిమానులలో కొందరు ఆ తొలగింపును అంగీకరించలేదు. తరువాతి రచయితలు అందులోని అంశాలను తిరిగి వాడుకున్నారు.

4. ఆశయంపై వివాదం

1987లో ‘ది నెక్స్ట్ జెనరేషన్’ ప్రారంభమైనప్పుడు, కిర్క్, స్పాక్ లేని స్టార్ ట్రెక్ ఎలా సాధ్యమని పాత అభిమానులు సందేహించారు. రాడెన్‌బెరీ మాత్రం తన భావి సమాజపు పరిపూర్ణతను మరింత బిగించి, నౌకాసిబ్బంది మధ్య స్వార్థపూరిత కలహాలు ఉండకూడదని రచయితలను నిర్బంధించాడు. నాటకీయతకు సంఘర్షణ అవసరమన్న రచయితలకు ఇది ఇబ్బందిగా మారింది. 1991 అక్టోబరులో ఆయన మరణించాడు. 1993లో మొదలైన ‘డీప్ స్పేస్ నైన్’ నౌకను విడిచి స్థిరమైన అంతరిక్ష కేంద్రాన్ని రంగస్థలంగా తీసుకుంది. దీర్ఘయుద్ధాన్ని చిత్రించింది. 1998 నాటి ఒక భాగంలో కథానాయకుడు సిస్కో యుద్ధంలో మిత్రులను సంపాదించడానికి మోసానికి ఒడిగడతాడు. అదే సంవత్సరం సమాఖ్య లోపలే చట్టానికి అతీతంగా పనిచేసే రహస్య విభాగాన్ని ప్రవేశపెట్టారు.

ఇక్కడ అభిమానులు రెండుగా చీలారు. ఆదర్శ సమాజాన్ని నల్లగా చిత్రించడం మూలకర్త ఆశయానికి ద్రోహమని ఒక వర్గం. పరీక్షకు నిలవని ఆదర్శం ఆదర్శమే కాదని మరొక వర్గం వాదించాయి. ఈ ఇరువర్గాలూ ఒకే గ్రంథాన్ని ప్రమాణంగా చూపడం గమనించదగినది.

ఆశయవాదం మార్పును కోరిన సందర్భాలూ ఉన్నాయి. 1968లో శ్వేత, నల్లజాతి పాత్రల మధ్య ముద్దును చూపిన ధారావాహిక, స్వలింగ ప్రేమికులకు ఎందుకు చోటివ్వదని అభిమానుల సంఘమొకటి 1980ల చివరి నుంచి ఉత్తరాలతో ఒత్తిడి చేసింది. ఉత్తరాల ఉద్యమమనే పాత ఆయుధాన్నే వారు ఉపయోగించారు. మూల కథ వాగ్దానం చేసిన వైవిధ్యాన్ని అమలు చేయమన్నదే వారి కోరిక. ప్రధాన పాత్రల స్థాయిలో అటువంటి జంట 2017లో ‘డిస్కవరీ’లో గాని కనిపించలేదు. అప్పుడు దానిని సంప్రదాయ భంగమని నిరసించినవారూ ఉన్నారు, సంప్రదాయ పరిపూర్తి అని స్వాగతించినవారూ ఉన్నారు. కనుక అభిమానులు సంప్రదాయవాదులన్న సామాన్య నిర్ధారణ ఈ చరిత్రకు చాలదు.

5. చట్టం గీసిన హద్దు

వాదానికి మించి, తమకు నచ్చిన స్టార్ ట్రెక్‌ను తామే నిర్మించుకునే సాంకేతిక సామర్థ్యం కొత్త శతాబ్దంలో అభిమానులకు లభించింది. ప్రజల విరాళాలతో సన్నద్ధమవుతున్న ‘ఆక్సనార్’ చిత్రంపై 2015 డిసెంబరులో పారామౌంట్, సీబీఎస్ సంస్థలు దావా వేశాయి. 2016 జూన్‌లో అభిమాన చిత్రాలకు నియమావళి ప్రకటించాయి. దాని ప్రకారం ఒక కథ 15 నిమిషాలకు, రెండు భాగాలైతే మొత్తం 30 నిమిషాలకు మించరాదు. విరాళాలు 50,000 డాలర్లు దాటరాదు. అధికారిక ధారావాహికల్లో పనిచేసినవారు పాల్గొనరాదు. 2017 జనవరిలో దావా రాజీతో ముగిసింది.

ప్రఖ్యాత కథకూ దీనికీ ఉన్న మౌలిక భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. రామకథను తిరిగి చెప్పే కవికి సహృదయుల ఆమోదం చాలు. స్టార్ ట్రెక్ ఆదరణలో ప్రఖ్యాతమైనా, చట్టంలో ఉత్పాద్యంగానే ఉండిపోయింది. ఈ రెంటి మధ్య ఉన్న అంతరమే అభిమానుల వాదాలకు అంతటి తీవ్రతను ఇచ్చింది. తిరిగి చెప్పే స్వేచ్ఛ పరిమితమైనప్పుడు, చెప్పేవారిని నిలదీయడమే మిగిలిన మార్గం. 2019లో ‘డిస్కవరీ’లో కనిపించిన నాయకుడు పైక్‌కు ప్రత్యేక ధారావాహిక కావాలని అభిమానులు కోరారు. 2022లో ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ వచ్చింది. ప్రతి భాగంలో ఒక కథ ముగిసే పాత పద్ధతిని అది మళ్లీ చేపట్టింది. నిలదీత ఫలించిన సందర్భాల్లో ఇదొకటి.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, కథ ప్రఖ్యాతం కావడం దాని పుట్టుకపై కంటే దానిని ఆదరించే సమూహపు పఠన పద్ధతిపై ఎక్కువగా ఆధారపడుతుంది. రెండు, అభిమానుల వివాదాలు సంఘటనల నుంచి మొదలైనా ఆశయం వద్దకు చేరతాయి; సంఘటనల విరోధాన్ని సమన్వయం తీర్చగలదు గాని, ఆశయాల విరోధాన్ని తీర్చలేదు. మూడు, సృష్టికర్త మాటకు సైతం ఈ వాదాల్లో తుదితీర్పు హోదా దక్కలేదు. రాడెన్‌బెరీ కాదన్న ఖండాలను సంప్రదాయం తిరిగి స్వీకరించింది. ఇతివృత్త విభజనను పుట్టుక దృష్టితో పాటు స్వీకరణ దృష్టితోనూ పునర్విచారించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర సూచిస్తున్నది. రసభంగమైనప్పుడు ‘ఇది మా కథ కాదు’ అని పలికే సహృదయుని స్వరాన్ని కూడా సాహిత్య చరిత్రలో ఒక ఆధారంగా పరిగణించవలసి ఉంటుంది.