తెరమీదికి తెలుగు వచ్చిన దారి

2000 ప్రాంతంలో హ్యూస్టన్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన తెలుగు ప్రోగ్రామరు సొంతూరి కబుర్ల కోసం కంప్యూటరు తెరిస్తే, ముందు ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. పత్రికకో ఫాంటు. ఈనాడుది ఒకటి, వార్తది ఇంకొకటి. అది సరిగా కూర్చుంటే తెర నిండా ముచ్చటైన తెలుగు. కూర్చోకపోతే నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అక్షరాల గుంపు. నచ్చిన వార్తలో రెండు వాక్యాలు కాపీ చేసి తమ్ముడికి ఈమెయిల్ పంపితే, అవతలివాడికి చేరేది తెలుగు కాదు, ఆ గుంపే.

కారణం ఫాంటు లోపల ఉంది. ఆనాటి ఫాంటులో ఉండేవి 256 గళ్లు. తెలుగు గుణింతాలూ ఒత్తులూ అన్నీ కలిపి లెక్కేస్తే ఆ గళ్లు ఏ మూలకూ చాలవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము మరో గడిలో, ఒత్తులు ఇంకొన్నిట్లో సర్దారు. ఆ గళ్లు అసలు లాటిన్ అక్షరాలవి. ఏ గడిలో ఏ ముక్క పెట్టాలన్నది ఫాంటు తయారుచేసినవాళ్ల ఇష్టం. చదివేవాళ్లకు కనిపించేది తెలుగే, కంప్యూటరు దాచుకునేది మాత్రం లాటిన్ అక్షరాలు.

ఆ పద్ధతి పట్టినవాళ్లను తప్పుపట్టలేం. పేపరు రోజూ రావాలి, డీటీపీ గదుల్లో ఉన్న పనిముట్లు అవే. వాటినే వెబ్‌కు ఎక్కించారు. దానివల్ల వేల మైళ్ల దూరాన ఉన్నవాళ్లు పొద్దున్నే తెలుగు చదవగలిగారు. కానీ నష్టం పెద్దదే. ఆ పేజీల్లో ‘గోదావరి’ అని వెతికితే ఏదీ దొరకదు. ఆ మాట అక్కడ ఉంటే కదా!

సరైన మార్గం అప్పటికే కాగితం మీద ఉంది. భారతీయ లిపులకు మన దేశం తయారుచేసుకున్న ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, 1991లో వచ్చిన యూనికోడు మొదటి కూర్పే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. ‘క’ అంటే ఏ ఫాంటులోనైనా, ఏ దేశంలోనైనా ఒకే సంఖ్య. అయితే ఆ సంఖ్యలను అందుకుని ఒత్తులూ గుణింతాలూ పేర్చి చూపించగల వ్యవస్థ మామూలు కంప్యూటరులో లేదు. విండోస్‌లోకి అది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. పదేళ్లు పట్టిందన్నమాట. వచ్చాక కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు మద్దతు కావాలని టిక్కు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాలి. గంటకింతని డబ్బులిచ్చి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్లకు సీడీ ఎవరు తెచ్చిస్తారు?

ఈ ఖాళీని పూరించింది చాలావరకు పగలు ఒళ్లొంచి వేరే కొలువులు చేసి, రాత్రిళ్లు తెలుగు కోసం కూర్చున్న ప్రోగ్రామర్లు. ఈ చరిత్రలో కొండంత పని వాళ్లది. ఎవరూ జీతమిచ్చి చేయించిన పని కాదది.

దానికి పునాది తొంభైల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పడింది. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అక్కడ ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయడానికి ఒక పద్ధతి ఏర్పరిచారు. అదే ఆర్‌టీఎస్. చిన్నబడి ‘టి’ కొడితే త, పెద్దబడి ‘టి’ కొడితే ట. చిన్నబడి ‘ఎల్’ ల, పెద్దబడి ‘ఎల్’ ళ. చేతివేళ్లకు ఒకసారి అలవాటైతే మరిచిపోవడం కష్టం. తరవాత ఎన్ని పనిముట్లు వచ్చినా చాలామంది తెలుగువాళ్ల వేళ్లకు ఇవాళ్టికీ పట్టుబడి ఉన్నది ఈ వరసే. యూనికోడు ఫాంట్ల కొరత తీర్చడానికి తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 రూపొందించారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. మొదలైతే అయింది, అందులో రాసేవాళ్లు ఎలా రాయాలి?

ఆ జవాబుకు ముందు నాగార్జునే తయారుచేసిన ‘పద్మ’ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునే పొడిగింత. పత్రిక పేజీ తెరవగానే దాని ఫాంటు ఏదో గుర్తుపట్టి, లోపలున్న లాటిన్ గుంపును అప్పటికప్పుడు యూనికోడు తెలుగులోకి మార్చేది. వినడానికి ఇంతే, చేయడానికి చాలా ఉంది. ‘క్రి’ అనే అక్షరం తీసుకోండి. యూనికోడులో దాని వరస పలికే క్రమం: క, పొల్లు, ర, ఆ తరవాత గుడి. పాత ఫాంట్లలో వరస కంటికి కనిపించే క్రమం: ముందు గుడితో కలిసిపోయిన ‘కి’, పక్కన ర ఒత్తు. కొన్నిట్లో ర ఒత్తే ముందు. మార్చేటప్పుడు గుడిని క నుంచి ఊడదీసి, ఒత్తు దాటించి చివర పెట్టాలి. ఫాంటు ఫాంటుకూ ఇలాంటి పట్టిక విడిగా రాయాలి. నాగార్జున పట్టుబట్టి రాశారు.

ఆ పద్మ కోడు ఆధారంగానే 2006లో వీవెన్ ‘లేఖిని’ తెచ్చారు. ఒక పెట్టెలో ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే రెండో పెట్టెలో తెలుగు పడుతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. నడిపించేదంతా జావాస్క్రిప్టు. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పదిరోజుల్లో మొదటి రూపం ఇచ్చిన భాష అది. వెబ్ పేజీల్లో చిన్న చిన్న పనులకని పుట్టినది, ఇక్కడ వేలమంది తెలుగువాళ్ల చేతికి కలమైంది.

రాయడం తేలికైనా ప్రోగ్రామరు రోజువారీ పనిలో తెలుగు పేచీలు ఆగలేదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. పొడవెంతని జావాస్క్రిప్టును అడిగితే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. యూనికోడును బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది పద్దెనిమిది బైట్లు. పేరు ఇరవై అక్షరాలు దాటకూడదని ఫారంలో నిబంధన పెట్టినవాళ్లు ఇది ఆలోచించరు, తెలుగులో పేరు నింపేవాళ్లకు ఇంటిపేరు దగ్గరే చోటు అయిపోతుంది. ఎస్సెమ్మెస్‌లోనూ అంతే. ఇంగ్లీషుకు 160 అక్షరాలు, తెలుగు కలిస్తే 70. ఇక డేటాబేస్ అమరిక తప్పితే తెలుగు స్థానంలో ఒక వింత జంట పదేపదే కనిపిస్తుంది: నెత్తిన వాలుగీత ఉన్న లాటిన్ ‘ఎ’, దాని పక్కన ఉష్ణోగ్రతకు వాడే చిన్న సున్న. యూటీఎఫ్-8లో తెలుగు హల్లుల్లో దాదాపు అన్నిటికీ మొదటి రెండు బైట్లు ఒకటే కావడం వల్ల ఇలా జరుగుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ జంటను చూడగానే చెడింది తెలుగని చెప్పేస్తారు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను నిలిపేసింది. మెసేజుల్లోకి, వాట్సాప్‌లోకి అది రాగానే ఆ యాప్ మూతపడేది. అది ‘జ్ఞా’. మామూలుగా రాసే జ్ఞా కాదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనిపించని, అక్షరాలను విడదీసే గుర్తు ఒకటి చేరింది. ఆ గుర్తు మామూలుగా ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి పనికొస్తుంది. అది ఎవరూ పెట్టని చోట పడేసరికి ఆపిల్ సాఫ్ట్‌వేర్‌కు ఎలా పేర్చాలో పాలుపోలేదు. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. తెలుగు లిపిని అంత పెద్ద సంస్థ కూడా అన్ని వరసల్లో పరీక్షించి చూడలేదని అప్పుడు బయటపడింది.

లిపి పట్టిక కూడా 1991తో ఆగిపోలేదు. దంత్య చ, జ అక్షరాలు ౘ, ౙ 2008లో చేరాయి. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు 2021లో గానీ చోటు దొరకలేదు.

పత్రికలు ఒక్కొక్కటే యూనికోడుకు మారాయి, పద్మ అవసరం తీరింది. డీటీపీ సెంటర్లలో మాత్రం శుభలేఖలూ కరపత్రాలూ పుస్తకాలూ ఇప్పటికీ ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో కూర్చడం ఉంది. వాటిని యూనికోడులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు సరిచూడటానికి మనిషి కూర్చోవాలి. అసలు భయం పాత ఫైళ్ల గురించి. ఆ ఫాంటు పోతే ఏ గడిలో ఏ ముక్క ఉండేదో చెప్పే ఆధారమూ పోతుంది. ప్రచురణకర్తల దగ్గర, ముద్రణాలయాల్లో, రచయితల ఇళ్లలో సీడీల మీద పడివున్న ఆ ఫైళ్లను ఎక్కడికి అప్పగించినా ఫాంటును కూడా వెంట ఇవ్వాలి. ఆ పని చేయగలిగినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.