కొంగో రాజవంశ స్థాపక గాథలు: బంధుత్వం, రాజత్వం

మధ్య ఆఫ్రికాలో, ప్రధానంగా నేటి అంగోలా ఉత్తర భాగంలోను కాంగో ప్రజాస్వామ్య గణతంత్రపు పశ్చిమ భాగంలోను విస్తరించిన కొంగో రాజ్యం 14వ శతాబ్ది చివరి భాగంలో రూపుదిద్దుకొన్నదని చరిత్రకారుల అభిప్రాయం. లుకెని లువా నిమి ఈ రాజవంశానికి మూలపురుషుడు. 15వ శతాబ్ది చివర పోర్చుగీసులు వచ్చేవరకు అక్కడ లిపి లేదు. అందువల్ల స్థాపకుని చరిత్ర తరతరాలుగా మౌఖికంగానే నిలిచి, 17వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల రచనలకెక్కింది. ఈ గాథలను సంఘటనల పట్టికగా కాక, రాజత్వాన్ని గురించిన ఆలోచనగా పరిశీలించడం అవసరం.

ఇటలీకి చెందిన కవాజ్జి రచన 1687లో వెలువడింది. అందులోని కథనం ప్రకారం లుకెని నదీరేవు వద్ద సుంకం వసూలు చేసేవాడు. గర్భవతియైన మేనత్త బంధుత్వాన్ని చూపి సుంకం చెల్లించ నిరాకరించింది. అతడు ఆమెను సంహరించాడు. అనుచరులు అతనిని నిందించలేదు, రాజుగా అంగీకరించారు.

ఇదే నిర్మాణం 1509లో సింహాసనమెక్కిన మొదటి అఫోన్సో గాథలోనూ కనిపిస్తుంది. క్రైస్తవ రాజ్యానికి స్థాపకుడుగా కీర్తి పొందిన ఈ రాజు, మెడలోని చిన్న విగ్రహాన్ని తీసివేయనన్న తల్లిని సజీవంగా పాతిపెట్టించాడని తరువాతి సంప్రదాయం చెబుతుంది. చారిత్రక ఆధారాలు ఇందుకు విరుద్ధంగా ఉన్నాయి. భర్త మరణవార్తను గోప్యంగా ఉంచి, కుమారుడు రాజధానికి చేరేందుకు అవకాశం కల్పించినది ఆ తల్లియే.

రెండు గాథలలోనూ వధ్యురాలు రక్తసంబంధం గల స్త్రీయే. సుంకమైనా, మతమైనా రాజశాసనం బంధుత్వానికి అతీతమైనదని చాటడమే వీటి ప్రయోజనం. ఆ ప్రయోజనం కోసం రాజును నిలిపిన తల్లి, రాజు చేత హతురాలైన తల్లిగా మారిపోయింది.

అయితే ఆచరణలో ఈ వంశం బంధుత్వాన్ని ఎన్నడూ దాటలేదు. లుకెని తండ్రి నిమి అ న్‌జిమా, ఎంబాటా పాలకునితో చేసుకొన్న మైత్రియే రాజ్యానికి పునాది. ఎంబాటా పాలకుని కొంగో రాజుకు ‘తాత’గా సంబోధించేవారు. రాజును ఎన్నుకోవడంలోనూ అతనికి పాత్ర ఉండేది. లుకెని జయించిన కొండపై రాజధాని ఎంబాంజా కొంగో వెలిసింది. అక్కడి పూర్వపాలకుడైన కబుంగా వంశీయులు ఆ విజయాన్ని ప్రతీకాత్మకంగా ధిక్కరించే ఆచారం 17వ శతాబ్దిలోనూ ఉండేది. 1665 అక్టోబరు 29న ఎంబ్విలా యుద్ధంలో మొదటి అంతోనియో మరణించిన తరువాత కింపంజు, కిన్‌లాజా అనే బంధువర్గాలు సింహాసనం కోసం దశాబ్దాలపాటు పోరాడాయి. 1678లో రాజధాని పాడుపడింది. 1709లో గాని నాలుగవ పెద్రో రాజ్యాన్ని తిరిగి ఏకం చేయలేకపోయాడు.

కవాజ్జి గ్రంథం వెలువడినది ఈ అంతఃకలహాల నడుమనే. బంధువుల వైరంతో రాజ్యం ఛిద్రమవుతున్న కాలంలో, బంధుత్వానికి లొంగని స్థాపకుని కథకు ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడడం సహజం. కాబట్టి స్థాపక గాథను మూలకాలానికి సాక్ష్యంగా స్వీకరించే ముందు, అది లిఖితమైన కాలానికి సాక్ష్యంగా చదవాలి. అప్పుడే గాథ మరుగుపరచిన తల్లి పాత్ర కూడా చరిత్రలో తన స్థానాన్ని పొందుతుంది.