పంచాయతీ ఓటు – నాడు, నేడు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు పంచాయతీ ఓటు గుర్తుకు వచ్చింది. సర్వీసులో ఉన్నంతకాలం బ్యాలెట్ పెట్టెలు మోసినవాళ్ళం మనం. ఓటు ఎలా పడుతుందో, ఎక్కడ పోతుందో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

మా రాజయ్యపేట నక్కపల్లి మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. బ్రిటిషువారి కాలంలో లోకల్ బోర్డు ఎన్నికల్లో పన్ను కట్టేవారికే ఓటు. వల, తెప్ప తప్ప వేరే ఆస్తి లేనివారికి అది ఎక్కడిది? స్వాతంత్ర్యం వచ్చాక వయోజనులందరికీ దక్కింది. అయినా 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం కింద మనం వార్డు మెంబర్లను ఎన్నుకుంటే, వారు కూర్చుని సర్పంచిని ఎన్నుకునేవారు. ఆ నడుమ జరిగే మంతనాలు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. 1981 ఎన్నికల నుంచి సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటున్నారు. 1989లో ఓటు వయస్సు 21 నుంచి 18కి తగ్గింది. 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక మొదటి పంచాయతీ ఎన్నికలు 1995లో జరిగాయి. స్త్రీలకు మూడో వంతు స్థానాలు అప్పుడే. 2013 ఎన్నికల నాటికి అది సగమైంది.

ఇదంతా చట్టం ఇచ్చినది. పోయేది జాబితాలో.

చాలామంది పంచాయతీ ఓటుకు వేరే దరఖాస్తు ఉంటుందనుకుంటారు. లేదు. అసెంబ్లీ ఓటర్ల జాబితాలో (మాకు పాయకరావుపేట నియోజకవర్గం) మన ఊరి భాగాన్ని తీసుకుని, వార్డులవారీగా విడదీసి పంచాయతీ జాబితా తయారుచేస్తారు. కనుక ఫారం 6 ఇచ్చి అసెంబ్లీ జాబితాలో చేరినవారే ఇక్కడా ఓటర్లు. పేరు తప్పుగా పడినా, ఇల్లు మారినా ఫారం 8. చేతిలో కార్డు ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదు. జాబితాలో పేరు ఉండాలి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాతో జరిగాయి. కొత్తగా 18 నిండిన మూడున్నర లక్షల మందికి పైగా యువకులు ఓటు కోల్పోతున్నారని హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

మన పెన్షనర్ల సంగతి వేరు. కొడుకు దగ్గర విశాఖలో ఉంటూ ఊళ్ళో ఇల్లు, పొలం ఉన్నాయి గనుక ఓటు ఇక్కడే అనుకునేవారు ఉన్నారు. ఆస్తి ఉన్నచోట కాదు, సాధారణంగా నివసించే చోటే ఓటు. రెండు చోట్ల పేరు ఉండరాదు. ఆస్తిని బట్టి ఓటు ఇచ్చే కాలం బ్రిటిషువారితోనే పోయింది!

వార్డుల విభజనలోనూ చిక్కులున్నాయి. ఇంటి నంబర్లు వరుసలో లేని వీధుల్లో భర్త ఒక వార్డులో, భార్య మరో వార్డులో తేలడం నేను చూశాను. వార్డు మెంబరు ఎన్నిక నాలుగైదు ఓట్ల తేడాతో తేలిపోతుంది. సమానమైతే చీటీ తీస్తారు. ముసాయిదా జాబితాను పంచాయతీ ఆఫీసులో అంటించినప్పుడే చూసుకోవాలి.

2013 జూలైలో తీరం వెంబడి ఒక ఊళ్ళో ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఉన్నాను. పోలింగు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకే. తెల్లవారుజామున వేటకు వెళ్ళిన పడవలు పన్నెండున్నరకు ఒడ్డు చేరాయి. తడి లుంగీలతోనే పరుగున వచ్చి వరుసలో నిలబడ్డారు. ఒంటిగంట కాగానే వరుస చివరి మనిషి నుంచి ముందుకు చీటీలు పంచాను. అలా చివరి నుంచి ఇస్తేనే ఆ తరువాత వచ్చినవారు వెనుక చేరలేరు. చీటీ ఉన్న ప్రతి ఒక్కరూ ఓటు వేశాకే పెట్టెకు సీలు వేశాం. 2021లో పోలింగు వేళ ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు పెంచారు. వేట ఊళ్ళకు అది మేలే.

అసెంబ్లీకి మీట నొక్కడం అలవాటైన కుర్రవారికి 2021లో కాగితం బ్యాలెట్ వింతగా తోచింది. ఇచ్చేవి రెండు: గులాబీది సర్పంచికి, తెల్లది వార్డు మెంబరుకు. పార్టీ గుర్తులుండవు. ఒక్కొక్క దానిపై ఒకే ఒక్క స్వస్తిక్ ముద్ర వేయాలి. వేలిముద్ర వేస్తే చెల్లదు. ముందు నిలువుగా, తరువాత అడ్డంగా మడవాలి. లేకుంటే తడి సిరా పక్క గుర్తుకు అంటుతుంది. లెక్కింపు ఆ సాయంత్రమే ఊళ్ళోనే జరిగింది.

2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ మా ఊరి మత్స్యకారులు రోజుల తరబడి ఆందోళన చేశారు. అటువంటి వేళ ఊరి తరఫున అధికారుల ముందు కూర్చుని మాట్లాడవలసినది ఎవరో నిర్ణయించేది ఆ గులాబీ కాగితమే.

చివరగా ఒక సంగతి. మీరు వెళ్ళేసరికి మీ పేరున ఎవరో వేసిపోయారనుకోండి, గొడవపడి తిరిగి రాకండి. గుర్తింపు చూపి టెండరు ఓటు అడగండి. ఆ బ్యాలెట్‌ను పెట్టెలో వేయరు. ప్రిసైడింగ్ ఆఫీసరు వేరే కవరులో భద్రపరిచి, మీ పేరు జాబితాలో వ్రాసి సంతకం తీసుకుంటారు.