పాత అంబాసిడర్‌కు కొత్త గేర్‌బాక్స్: రివర్స్ లైటు కలిపేదెలా?

భిలాయి ఉక్కు కర్మాగారం, అంబాసిడర్ కారు దాదాపు ఒకే ఈడువి. సోవియట్ సహకారంతో కట్టిన కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. హిందుస్థాన్ మోటార్స్ 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ప్రభుత్వ రంగ పట్టణాల్లో ఒక తరం అధికారుల కారు అదే. ఇప్పటికీ దాన్ని నిలబెట్టుకోవాలనుకునేవారు తరచూ చేయించే పని గేర్‌బాక్స్ మార్పిడి.

పాత అంబాసిడర్లలో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది, గేర్లు నాలుగు. 1990ల ఆరంభంలో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్ మోడల్‌లో ఇసుజు ఇంజిన్‌తో పాటు ఐదు గేర్ల బాక్స్ వచ్చింది, రాడ్డు కిందికి మారింది. ఇలాంటి బాక్స్‌ను పాత కారులో బిగించేటప్పుడు క్లచ్ మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద ఉండే శ్రద్ధ రివర్స్ లైటు మీద ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ పెట్టి పని అయిందనిపిస్తారు. అక్కడే ప్రమాదం. వేయడం మరిస్తే క్వార్టర్ల వీధిలో కారు వెనక ఆడుకునే పిల్లలకు హెచ్చరిక అందదు. ఆర్పడం మరిస్తే వెనక వచ్చే బండికి తప్పుడు సంకేతం వెళ్తుంది. రివర్స్ లైటు వెలగాల్సింది డ్రైవరు జ్ఞాపకాన్ని బట్టి కాదు, గేరును బట్టి.

సర్క్యూట్ ఇలా ఉంటుంది

గేర్‌బాక్స్‌కు బిగించే రివర్స్ స్విచ్‌కు సాధారణంగా రెండు కొనలుంటాయి. రివర్స్ గేరు పడినప్పుడే అవి లోపల కలుస్తాయి. ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి ఒక తీగ స్విచ్‌కు, రెండో కొన నుంచి మరో తీగ వెనక దీపాలకు, అక్కడి నుంచి బాడీకి ఎర్త్. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకోకూడదు. వాలులో రివర్స్ గేరులో ఆపిన కారు తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది.

12 వోల్టుల దగ్గర 21 వాట్ల బల్బు ఒకటి 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండింటికి 3.5. దీనికి 1 చదరపు మిల్లీమీటరు తీగ, 5 లేదా 7.5 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. బజరు, అదనపు దీపాలు కలిపితే మాత్రం రిలే పెట్టాలి. తీగను సైలెన్సర్ గొట్టానికి, తిరిగే షాఫ్ట్‌కు దూరంగా క్లిప్పులతో కట్టాలి. స్విచ్ కింద వాషర్ సరిగా లేకపోతే గేర్ ఆయిల్ కారుతుంది.

ఆటోమేటిక్ కారైతే

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పాత విదేశీ కారును మాన్యువల్‌కు మారిస్తే మరో చిక్కు ఉంది. చాలా మోడళ్లలో ఒకే స్విచ్ రెండు పనులు చేస్తుంది: పార్క్ లేదా న్యూట్రల్‌లో తప్ప స్టార్టర్ తిరగనివ్వదు, రివర్స్‌లో లైటు వెలిగిస్తుంది. ఆ స్విచ్ తీసేశాక రివర్స్ తీగల జతను కొత్త బాక్స్ స్విచ్‌కు కలపాలి. స్టార్టర్ జతను ఊరికే ముడేస్తే గేరులో ఉన్నా ఇంజిన్ స్టార్టయి కారు ముందుకు దూకుతుంది. క్లచ్ తొక్కితేనే కలిసే స్విచ్ గుండా ఆ జతను పంపడం క్షేమం. ఏ జత ఏదో రంగు చూసి ఊహించకుండా వైరింగ్ పటం, టెస్ట్ ల్యాంపుతో తేల్చుకోవాలి.

చివరి పరీక్ష

చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం వేసి ఒక్కో గేరూ మార్చి చూడండి. రివర్స్‌లో తప్ప ఎక్కడా లైటు వెలగకూడదు. వెలుగు మసకగా ఉంటే ముందు అనుమానించాల్సింది తుప్పు పట్టిన ఎర్త్‌నే. పాత కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. మామూలు బల్బుకు తేడా లేదు కానీ ఎల్‌ఈడీ దీపం తిరగేసి కలిపితే వెలగదు.

గేర్‌బాక్స్‌తో పాటు ఇంజిన్ కూడా మారిస్తే రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజిన్ నంబరు చెల్లదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రవాణా అధికారుల అనుమతి తీసుకోవాలి. 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించాలనుకునేవారు ఇంజిన్ జోలికి పోకపోవడమే మేలు. 2021 నిబంధనలు అసలు రూపాన్నే అడుగుతున్నాయి.