సుయ్‌మెన్‌కుల్ చొక్మోరొవ్

సుయ్‌మెన్‌కుల్ చొక్మోరొవ్ (1939 నవంబర్ 9 – 1992 సెప్టెంబర్ 26) కిర్గిజ్ సినీ నటుడు, చిత్రకారుడు. నటనలో ఏ బడిలోనూ శిక్షణ పొందలేదు. ముప్ఫయ్యేళ్లు నిండకముందే ఒక సినిమాలో ప్రధాన పాత్రతో తెర మీదికి వచ్చి, ఆ తర్వాతి పదేళ్లలో మధ్య ఆసియా సినిమాకే గుర్తింపుగా నిలిచారు.

బాల్యం, చదువు

ఆయన పుట్టింది సోవియట్ రిపబ్లిక్ అయిన కిర్గిజియా రాజధాని ఫ్రుంజెకు దగ్గర్లోని చొంగ్-తాష్ పల్లెలో. ఆ ఫ్రుంజెయే నేటి బిష్కెక్. ఫ్రుంజెలోని కళాపాఠశాలలో బొమ్మలు వేయడం నేర్చుకుని, లెనిన్‌గ్రాడ్‌లోని రేపిన్ కళాసంస్థలో చేరారు. రష్యన్ వాస్తవిక చిత్రకళకు అది పెద్ద బడి. 1964లో అక్కడ చదువు ముగించుకుని స్వస్థలానికి తిరిగొచ్చి, తాను చదివిన పాఠశాలలోనే పిల్లలకు పాఠాలు చెప్పారు. వాలీబాల్ బాగా ఆడేవారు, కిర్గిజ్ జట్టుకూ ఆడారు. రోజంతా గుర్రం మీదే గడిపే పాత్రలు వచ్చినప్పుడు ఆ దేహదారుఢ్యం అక్కరకొచ్చింది.

సినిమాకు అనువైన కాలం

అప్పటికి కిర్గిజ్ సినిమా వయసు చాలా చిన్నది. 1963లో లరీసా షెపిత్కొ, 1965లో ఆంద్రేయ్ కొంచలొవ్‌స్కీ మాస్కో నుంచి వచ్చి కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్మాతొవ్ కథలను అక్కడి కొండల్లో, గడ్డిమైదానాల్లో తెరకెక్కించారు. ‘జమీల్యా’, ‘తొలి ఉపాధ్యాయుడు’ అనువాదాల ద్వారా ఈ ఐత్మాతొవ్ తెలుగు పాఠకులకూ చిరపరిచితుడే. బయటివాళ్లు వేసిన ఆ దారిలో స్థానిక దర్శకులు బొలొట్‌బెక్ షంషియెవ్, తొలొముష్ ఒకెయెవ్ అడుగుపెట్టారు. తక్కువ జనాభా ఉన్న రిపబ్లిక్ నుంచి వరసగా మంచి సినిమాలు రావడం చూసి సోవియట్ విమర్శకులు దానికి ‘కిర్గిజ్ అద్భుతం’ అని పేరు పెట్టారు.

షంషియెవ్ తన తొలి కథాచిత్రంలో ప్రధాన పాత్రకు ఈ చిత్రకారుణ్ణే తీసుకున్నారు. 1968 నాటి ఆ సినిమా ‘కరాష్ కనుమలో తుపాకీ మోత’. కజఖ్ రచయిత ముఖ్తార్ అవెజొవ్ నవలిక దీనికి మూలం. కథానాయకుడు బఖ్తిగుల్ నిరుపేద. ధనవంతుడి మనుషులు కొట్టిన దెబ్బలకు తమ్ముడు చనిపోతాడు. న్యాయం చేసేవాడు లేక బఖ్తిగుల్ గుర్రాల దొంగతనానికి దిగుతాడు. ఆశ్రయమిస్తానన్న మరో పెద్దమనిషి అతణ్ణి వాడుకున్నన్నాళ్లు వాడుకుని, తన మీదికి వచ్చేసరికి పట్టిచ్చేస్తాడు. చివరికి కనుమ దారిలో కాపు కాసిన బఖ్తిగుల్ తుపాకీ పేలుతుంది. చొక్మోరొవ్ ఈ పాత్రలో మాటలు తక్కువ మాట్లాడతారు. అవమానం కోపంగా, కోపం నిర్ణయంగా మారడం ఆ ముఖంలోనే చదువుకోవాలి. మనిషి ముఖాన్ని ఏళ్ల తరబడి గీసిన అనుభవం ఆయన నటనలో ఇక్కడే కనిపిస్తుంది.

వీరుడూ, విలనూ

తర్వాత అవకాశాలు పొరుగు రిపబ్లిక్‌ల నుంచీ వచ్చాయి. ఉజ్బెక్ దర్శకుడు అలీ ఖమ్రాయెవ్ తీసిన ‘ఏడో తూటా’ (1972) కౌబాయ్ సినిమాల పద్ధతిలో సాగుతుంది. శత్రువు చేతికి చిక్కి అతని పక్షాన చేరిన తన మనుషులను వెనక్కి తెచ్చుకోవడానికి కావాలనే బందీ అయ్యే సోవియట్ దళ నాయకుడు మక్సూమొవ్ పాత్ర చొక్మోరొవ్‌ది. షంషియెవ్ ‘ఇస్సిక్-కుల్ ఎర్ర గసగసాలు’ (1972) నల్లమందు దొంగరవాణా కథ. అందులో ఆయనది కరాబల్తా పాత్ర.

1973లో ఒకెయెవ్ ‘క్రూరుడు’లో వేసిన వేషం ఈ వీరుల పాత్రలకు పూర్తిగా ఎదురు. ఒక కుర్రాడు తోడేలు పిల్లను తెచ్చి పెంచుకుంటాడు. దయ చూపేవాడు బతకలేడని ఆ కుర్రాడికి నూరిపోసే కఠినుడు అహంగుల్‌గా చొక్మోరొవ్ నటించారు. ప్రేక్షకులు మెచ్చే వీరుడిగా పేరొచ్చాక ఇలాంటి వేషం ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి.

1975లో రెండు ముఖ్యమైన సినిమాలు వచ్చాయి. జపాన్ దర్శకుడు అకిరా కురొసావా సోవియట్ అడవుల్లో తీసిన ‘దెర్సూ ఉజాలా’లో ఆయన జాన్ బావ్ అనే చిన్న పాత్ర వేశారు. ఆ చిత్రం ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ గెలిచింది. ఐత్మాతొవ్ కథతో ఒకెయెవ్ తీసిన ‘ఎర్ర ఆపిల్’లో మాత్రం ఆయనది ప్రధాన పాత్ర, తెమిర్ అనే చిత్రకారుడు. తన అసలు వృత్తినే తెర మీద నటించే అవకాశం అలా దక్కింది. రెండేళ్లకు ‘ఉలాన్’లో తాగుడుకు బానిసై కుటుంబాన్ని, పరువును పోగొట్టుకునే మనిషిగా కనిపించారు. గుర్రాలూ తుపాకులూ లేని ఈ పాత్ర ఆయన చేసినవాటిలో కష్టమైన వాటిలో ఒకటి.

కుంచె వదల్లేదు

ఇన్ని సినిమాల మధ్యా ఆయన బొమ్మలు వేయడం మానలేదు. కిర్గిజ్ కొండలూ, రూపచిత్రాలూ ఆయనకు ఇష్టమైన విషయాలు. 1981లో సోవియట్ ప్రభుత్వం ‘సోవియట్ యూనియన్ ప్రజా కళాకారుడు’ బిరుదుతో గౌరవించింది. కళాకారులకు ఆ దేశంలో అంతకంటే పెద్ద బిరుదు లేదు. చివరి ఏళ్లలో అనారోగ్యం ఆయన్ను వెంటాడింది. కిర్గిజ్‌స్తాన్ స్వతంత్ర దేశమైన మరుసటి ఏడాదే, 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బిష్కెక్‌లో ఒక వీధికి ఆయన పేరు పెట్టారు.