బల్లారట్‌లో రెండు హోటళ్లు

మన దగ్గర హోటల్ అంటే ఇడ్లీ, దోసె గుర్తొస్తాయి. ఆస్ట్రేలియాలో బంగారం దొరికిన ఊళ్లలో మాత్రం తాగడానికి, తినడానికి, పడుకోవడానికి, మీటింగులకు, అన్నింటికీ హోటలే. విక్టోరియా రాష్ట్రంలోని బల్లారట్‌లో అలాంటి రెండు హోటళ్ల చరిత్ర రాస్తున్నాను.

1851లో అక్కడ బంగారం బయటపడింది. ఎన్నో దేశాల జనం వచ్చి గుడారాలు వేసుకుని తవ్వారు. బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్సు డబ్బు కట్టాల్సిందే. మొదట్లో అది నెలకు 30 షిల్లింగులు. లైసెన్సు చూపించకపోతే పోలీసులు పట్టుకెళ్లేవాళ్లు. ఓటు హక్కు కూడా లేదు. మా తాత కోలార్ బంగారు గనిలో పనిచేశారు. "బంగారం తవ్వేవాడి ఇంట్లో బంగారం ఉండదురా" అంటారు. బల్లారట్‌లోనూ చాలామంది పరిస్థితి అదే.

మొదటిది యురేకా హోటల్. యజమాని జేమ్స్ బెంట్లీ. 1854 అక్టోబర్ 7న దాని దగ్గర జేమ్స్ స్కోబీ అనే గని కార్మికుడిని చంపేశారు. విచారణ చేసిన మేజిస్ట్రేట్లలో ఒకరైన డ్యూస్‌కు బెంట్లీతో డబ్బు వ్యవహారాలున్నాయి. బెంట్లీ తప్పు లేదని వదిలేశారు. జనానికి కోపం ఆగలేదు. అక్టోబర్ 17న వేలమంది చేరి హోటల్‌ను తగలబెట్టారు. తర్వాత మెల్‌బోర్న్‌లో మళ్లీ విచారణ జరిగి బెంట్లీకి మూడేళ్ల శిక్ష పడింది. డ్యూస్ ఉద్యోగం పోయింది. కానీ హోటల్ తగలబెట్టారని ముగ్గురిని కూడా జైల్లో పెట్టారు. గొడవ ఇంకా పెరిగింది. డిసెంబర్ 3 తెల్లవారుజామున సైనికులు కార్మికుల శిబిరంపై దాడి చేశారు. కనీసం 22 మంది కార్మికులు చనిపోయారు.

రెండోది థామస్ బాత్ 1853లో మొదలుపెట్టిన హోటల్. ఆ దాడి జరిగాక, అదే నెలలో, ప్రభుత్వ కమిషన్ ఈ హోటల్లోనే కూర్చుని కార్మికుల కష్టాలు విన్నది. 1855లో లైసెన్సు తీసేశారు. దాని బదులు ఏడాదికి ఒక్క పౌండు కడితే చాలు, దాంతోపాటు ఓటు కూడా వచ్చింది. 1857లో వాల్టర్ క్రెయిగ్ ఈ హోటల్‌ను కొన్నాడు. తర్వాత దశలవారీగా పెద్ద భవనం కట్టారు. 1895లో రచయిత మార్క్ ట్వైన్ వచ్చి ఇక్కడే దిగాడు. క్రెయిగ్స్ రాయల్ హోటల్ అనే పేరుతో లిడియార్డ్ వీధిలో ఆ భవనం ఇప్పటికీ ఉంది.

చరిత్ర పుస్తకంలో యుద్ధం తేదీ బట్టీ పడతాం. నాకైతే ఆ రెండు విచారణలే ముఖ్యం అనిపిస్తుంది. రెండో హోటల్లో విన్నట్టు అక్టోబర్‌లోనే ఓపిగ్గా విని ఉంటే, ఆ 22 మందిలో చాలామంది బతికేవాళ్లేమో.